పొయ్యి ఆర్పకుండా

కాస్త్రో నుంచి వచ్చిన కుర్రాడు
పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.
"మొత్తం తుడిచేసి కొత్తగా వేసేద్దాం,
నలభై నిమిషాల పని" అన్నాడు.
ఇల్లు పీకి పందిరేసేంత తొందర
మా దీవిలో ఎవరికీ లేదు బాబూ, అన్నాను.
ఆఖరి పడవకి వెళ్లిపోతూ
పెన్‌డ్రైవ్ మాత్రం వదిలేశాడు,
తెల్లారేసరికి కావాల్సొస్తుందని.

మందుల బీరువాకీ గోడకీ మధ్య
పదకొండేళ్లుగా గొణుగుతూ ఉంది ఈ పెట్టె.
పెట్టినవాడు ఎలెయుతేరియో కొలివోరో.
పడవ మోటార్లు విప్పే చేతులతోనే
దీంట్లోకి లినక్స్ ఎక్కించాడు.
ఇప్పుడు చర్చి వెనక తడి మట్టిలో ఉన్నాడు.
నాలుగొందల పద్నాలుగు మంది రక్తపోట్లు,
పుట్టిన ప్రతి బిడ్డ టీకాల తేదీలు
ఇంకా ఇందులోనే ఉన్నాయి.

ముందు నకళ్లు తీశాను.
ఒకటి నా సంచిలో,
ఒకటి నర్సు ఓర్దెలీనా ఇంట్లో, పిండి డబ్బా అడుగున.
తర్వాత ఒక చిన్న ఫైలు తెరిచి
పాత విడుదల పేరున్న చోటల్లా కొత్త పేరు రాశాను,
ఉత్తరం మీద చిరునామా కొట్టేసి రాసినట్టు.
రెండు మెట్లు ఒకేసారి ఎక్కనివ్వదు ఇది.
ఈ రాత్రికి ఒకటే.

పదహారొందల ప్యాకేజీలు
శాటిలైట్ నుంచి బొట్టు బొట్టుగా.
రేకుల మీద వాన మాత్రం కుండపోత.
పన్నెండింటికి ఆపాల్సిన జనరేటర్‌ని
ఆర్నోల్డో బార్రియా ఆపలేదు.
"మా వాడి టీకా కార్డూ దాంట్లోనేగా" అన్నాడు.

నాకు ఆరేళ్లప్పుడు
అమ్మమ్మ ఇంటిని ఎడ్లు లాగాయి.
మింగా అంటాం దాన్ని. ఊరంతా తాళ్లు పట్టింది.
దుంగల మీద, బురద మీద,
పోటు వచ్చాక నీళ్ల మీద
ఇల్లు ఇల్లుగానే వెళ్లింది.
అద్దాలు ముందే తీసేశారు.
అమ్మమ్మ మాత్రం దిగలేదు.
"పొయ్యి మీద పులుసుంది" అంది.
సముద్రం మధ్యలో
మా పొగగొట్టం లోంచి పొగ.

మూడో గంటకి పెట్టె ఆగి అడిగింది:
ఈ ఫైలుని ఎవరో చేత్తో మార్చారు,
కొత్తది పెట్టనా, ఉన్నదే ఉంచనా?
తెరిచి చూశాను.
వరుసల మధ్య ఎలెయుతేరియో:
"ఇది ముట్టొద్దు. ప్రింటర్ అలుగుతుంది."
ఇంకాస్త కింద:
"గాలివానకి లింకు తెగితే ఏమీ చెయ్యకు. టీ తాగు."
ఉన్నదే ఉంచమన్నాను.
కాసేపు తెర సరిగా కనపడలేదు.
ఇంకో ఫైలు దగ్గర మాత్రం కొత్తదే తీసుకున్నాను.
అందులో అతను తప్పు రాశాడు.
ఆ సంగతి అతనికీ తెలుసు,
బద్ధకించాడంతే.

నాలుగున్నరకి రీస్టార్ట్.
నల్లటి తెర.
పెన్‌డ్రైవ్ వైపు చూడకూడదనుకుని చూశాను.
ఊపిరి తీసుకోవడం మరిచిపోయినంత సేపటికి
తెల్లటి అక్షరాల్లో యంత్రం తన పేరు చెప్పింది:
ఫిదేలియా.
అతని పడవ పేరు.

పేరైతే చెప్పింది గానీ నెట్‌వర్క్ లేదు.
కొత్త కెర్నెల్ ఆ కార్డుని ఇంకో పేరుతో పిలుస్తోంది.
ఒక్క వరుస మార్చాను.
అమ్మమ్మ ఇల్లూ అంతే,
కొత్త చోట వీధి తలుపు కొండ వైపు తిరిగింది.
సముద్రం చూడ్డానికి ఆవిడ
వారం రోజులు వంటింట్లోకి నడిచేది.
ఒక కప్పు పగిలింది. దాని చెవి చాలాకాలం దాచింది.

ఏడింటికి ఓర్దెలీనా తడి బూట్లతో వచ్చింది.
మొదటి రోగి పేరు కొట్టింది.
కాగితం ప్రింటర్‌లోంచి నెమ్మదిగా, అలగకుండా వచ్చింది.
"ఏం మారింది?"
"ఏమీ లేదు."
"మరి రాత్రంతా ఏం చేశావ్?"

వేడి మిల్కావు ముక్క చేతిలో పెట్టింది.
జవాబు కోసం ఆగలేదు.
ఈ రాత్రికి ఇంకో మెట్టుంది.
డీజిల్ సంగతి ఆర్నోల్డోకి చెప్పాలి.